శతకమే తొలి వాచకం: జగిత్యాల, సిరిసిల్ల సీమలో పసిపిల్లల చదువు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఊరూరికీ సర్కారు బడి రాకముందు పసిపిల్లల చదువంతా పద్యం మీదే నడిచేది. పిల్లల కోసమని వేరుగా రాసిన వాచకాలు మొదట్లో లేవు. పెద్దలు చదువుకునే శతకాల్లోంచి, భాగవతంలోంచి పిల్లలకు తగినవి ఏరి, ఒక వరుసలో పెట్టి చెప్పేవారు. ఆ ఏరికను ఏ పండితుడూ ఒంటరిగా కూర్చుని చేయలేదు. అది తరాల తరబడి పంతుళ్ల చేతుల్లో, ఇంటి పెద్దల నోళ్లలో నలిగి స్థిరపడింది. ఇంట్లోనే సాహిత్యంతో పిల్లలకు చదువు చెప్పాలనుకునే తల్లిదండ్రులు ఏ పుస్తకం ముందు, ఏది తర్వాత అని ఇప్పుడు తర్జనభర్జన పడుతున్నారు. ఆ చిక్కు ఆనాటి పంతులుకూ ఉండేది. ఆయన దాన్ని విప్పుకున్న తీరు తెలుసుకోదగ్గది.

ఈ సీమ నిజాం రాజ్యంలో మొదట ఎలగందుల జిల్లాలోనూ, ఆ తర్వాత కరీంనగర్ జిల్లాలోనూ ఉండేది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. పాత రోజుల్లో పిల్లలకు అక్షరం చెప్పింది ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి. ఏ మోతుబరి ఇంటి అరుగు మీదో, గుడి మంటపంలోనో, పంతులు ఇంటి వసారాలోనో అది సాగేది. నెల జీతమంటూ పెద్దగా ఉండేది కాదు. కోతలప్పుడు గింజలు, పండుగలకు బట్టలు, పెండ్లికి ఇంత సంభావన, ఇవే పంతులు బతుకుతెరువు. ఒకే పంతులు దగ్గర ఐదేండ్ల వాడూ, పన్నెండేండ్ల వాడూ కూర్చునేవారు. పెద్దవాడు చిన్నవాడికి చెప్పాలి, పంతులు ఇద్దరి దగ్గరా అప్పజెప్పించుకోవాలి. మద్రాసు ఎగ్మూరులోని అనాథ పిల్లల బడిలో ఆండ్రూ బెల్ 18వ శతాబ్ది చివర ఈ పద్ధతినే అమలు చేసి ఇంగ్లండుకు తీసుకుపోయాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది.

మంచి రోజు చూసి పిల్లవాడిని కూర్చోబెట్టి, పళ్లెంలో బియ్యం పరిచి, చూపుడువేలు పట్టి ఓనమాలు దిద్దించేవారు. మరునాటి నుంచి బియ్యం పోయి దుబ్బ వచ్చేది. నేల మీద మెత్తని దుబ్బ పరిచి, పంతులు గీసిన అక్షరం మీదే వేలితో దిద్దుతూ, దాన్ని బిగ్గరగా పలకాలి. వేలు కందేదాకా దిద్దితే గాని పలక చేతికి వచ్చేది కాదు. కన్ను, చెవి, నోరు, వేలు నాలుగూ ఒకేసారి ఒకే అక్షరం మీద పనిచేసేవి. పసివాళ్లకు అక్షరాలు నేర్పడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చుతో, ఇంత గట్టిగా పట్టే పద్ధతి దొరకడం కష్టం. గుణింతాలు, వత్తులు అయ్యాక ఎక్కాలు. సాయంత్రం బడి విడిచేముందు అందరూ నిలబడి ఎక్కాలు, తిథులు, వారాలు, నక్షత్రాలు కలిసి చదివేవారు.

తర్వాతది శతకం. ఈ సీమ పంతుళ్ల తెలివంతా ఇక్కడ కనిపిస్తుంది. సాధారణంగా మొదట వచ్చేది సుమతి శతకం, ఆ వెంట వేమన ఆటవెలదులు. సుమతి శతకంలోవి కంద పద్యాలు. కందంలో నాలుగు పాదాలూ కలిపి 64 మాత్రలే. పొట్టి పాదం, పొడుగు పాదం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాసగా కలుస్తుంది. ఒక పాదం మరిచినా ప్రాస అక్షరం పట్టుకుని పిల్లవాడు దాన్ని వెతుక్కోగలడు. కందానికి ఈ నేల మీద చాలా పాత చరిత్ర ఉంది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దిలో చెక్కించిన శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగులో దొరికిన తొలి కందాల్లో వాటిని లెక్కిస్తారు.

కందం, ఆటవెలది నోటికి పట్టాక సీసం మొదలయ్యేది. సీసానికి ఈ ప్రాంతం పంతుళ్లు దూరం పోవలసిన పని లేదు. జగిత్యాలకు ఉత్తరాన గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురిలో శేషప్ప కవి నరసింహ శతకం చెప్పాడు. దాని మకుటంలో ధర్మపురి స్వామి పేరే ఉంది. సీస పద్యం పొడుగైనది. నాలుగు పెద్ద పాదాలు, ఒక్కొక్కటి రెండుగా విరుగుతుంది, చివర ఎత్తుగీతి. ఇంత పెద్ద పద్యం పిల్లలకు ఎలా పట్టేదంటే దానికి కారణం శేషప్ప మాటే. సంస్కృత సమాసాల బరువు తక్కువ, ఇంటి మాట ఎక్కువ. భక్తుడు దేవుడిని బతిమాలుతాడు, నిలదీస్తాడు, దెప్పుతాడు. ప్రతి పద్యం ఒకే మకుటం మీద ఆగుతుంది కాబట్టి పిల్లలకు ఊపిరి పీల్చుకునే చోటు ముందే తెలుసు. పైగా అందులో పిలిచే దేవుడు తాము జాతరకు పోయి చూసి వచ్చిన దేవుడు. చదివే పుస్తకంలో సొంత ఊరి పేరు కనిపించడం పిల్లలకు ఎంత దగ్గరితనం ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు. నరసింహ శతకం తెలుగు నేలంతా వ్యాపించింది గాని, ధర్మపురి చుట్టుపక్కల అది ఇంటి పుస్తకం.

అటు పిమ్మట పోతన భాగవతంలోంచి గజేంద్రమోక్షం, ప్రహ్లాద చరిత్ర, రుక్మిణీ కల్యాణం. వీటిలో కథ ఉంది, ఆపద ఉంది, రక్షణ ఉంది. వాటితోపాటు పదాల మూట కావాలి కాబట్టి పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, సంస్కృతం వైపు పోయేవాళ్లకు అమరకోశం. నిఘంటువును కూడా పద్యంగా వల్లె వేయించడం ఈ చదువు ప్రత్యేకత. అచ్చు పుస్తకాలు చేరుతున్నకొద్దీ పెద్దబాలశిక్ష వీటన్నిటికీ ముందు వచ్చి నిలిచింది. దానికి మూలమైన బాలశిక్షను 1832లో క్లూలో అనే ఆంగ్లేయుడి ప్రోత్సాహంతో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రి కూర్చాడు. అక్షరాలు, లెక్కలు, నీతి, పురాణాలు ఒకే అట్టలో ఉండటంతో బడి లేని ఇంట్లో కూడా అదే బడి అయింది.

నిజాం రాజ్యంలోని ఈ బడుల గురించి ఆనాటి లెక్కలు తక్కువ. అయితే పక్కనున్న మద్రాసు ప్రెసిడెన్సీలో గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల వివరాలు అడిగాడు. 1826 నాటికి అక్కడ 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో తెలుగు, కన్నడ బడుల్లో చదివే పుస్తకాల పేర్లు కూడా ఉన్నాయి. రామాయణ భారత భాగవతాలు, పంచతంత్రం, బేతాళ కథలు, అమరం, ఆంధ్రనామసంగ్రహం. చేతిపనుల కులాల పిల్లలు వీటికి తోడు తమ తమ పురాణాలు చదివేవారని ఆయన రాశాడు. దీన్నిబట్టి ఈ పుస్తకాల వరుస ఏ ఒక్క జిల్లాకో పరిమితం కాదని తెలుస్తుంది.

ఈ చదువులోని లోపాన్నీ క్యాంప్‌బెల్ పట్టుకున్నాడు. పిల్లలు వందల పద్యాలు తప్పు లేకుండా చదువుతారు, వాటి అర్థం మాత్రం వాళ్లకు తెలియదు. కావ్యభాష వేరు, ఇంటి భాష వేరు. ఈ విమర్శలో చాలా నిజముంది. ఖాన్గీ బడిలో అప్పజెప్పడమంటే ఉన్నదున్నట్టు వల్లించడమే. ఒక్క అక్షరం తప్పినా చింత బరికె లేచేది, మొండివాడికి కోదండం అనే శిక్ష తప్పేది కాదు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ 1886లో 'హోమ్ ఎడ్యుకేషన్' అనే పుస్తకం వెలువరించింది. ఈనాడు అనేక దేశాల్లో సాహిత్యం ఆధారంగా ఇంట్లో చదువు చెప్పేవాళ్లు ఆమె దారినే పోతున్నారు. ఆమె కూడా పిల్లలకు మంచి గ్రంథాలే ఇమ్మంది, చదివింది తిరిగి చెప్పించమంది, అయితే పిల్లల సొంత మాటల్లో. పంతులు మాటను నిలబెట్టాడు, మేసన్ భావాన్ని నిలబెట్టింది. పద్యం కంఠస్థం అయినవాడికి లయ, పదసంపద, ఉచ్చారణ చిన్ననాడే కుదురుతాయి. సొంత మాటల్లో చెప్పినవాడికి ఆలోచన కుదురుతుంది. పసిపిల్లలకు రెండూ కావాలి, ఖాన్గీ బడి మొదటిదాన్ని మాత్రమే ఇచ్చింది.

ఇంతకన్నా పెద్ద లోపం, ఆ అరుగు మీద అందరికీ చోటు లేకపోవడం. ఆడపిల్లలు అరుదు, దళితుల పిల్లలకు ప్రవేశమే లేదు. అయినా వాళ్ల బాల్యం సాహిత్యం లేకుండా గడవలేదు. సిరిసిల్ల, కోరుట్ల మగ్గాల ఇండ్ల ముందు కూనపులి వారు పటం విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. డక్కలివారు మాదిగవాడల్లో జాంబపురాణం, కాకిపడగల వారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు. మూరల కొద్దీ పొడుగున్న ఆ పటం మీద ఒక్కో బొమ్మను కర్రతో చూపిస్తూ కథ నడిపితే, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు అదే బొమ్మల పుస్తకం. ఒగ్గు కథలు, శారద కథలు, చిందు భాగవతాలు ఇదే పని చేశాయి. ఆడపిల్లలకు బతుకమ్మ తొమ్మిది రోజులూ పాటల బడే. రామాయణాన్ని వాళ్లు అమ్మమ్మల పాటల్లోనే నేర్చుకున్నారు. అరుగు బడి చరిత్ర రాసేటప్పుడు ఈ చదువును కలపకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది.

1880లలో ఉర్దూ రాజభాష అయ్యాక సర్కారు బడి, కొలువు, కచేరీ అన్నీ ఉర్దూలోకి మారాయి. తెలుగు నేర్పే చోటుగా ముఖ్యంగా ఖాన్గీ బడే మిగిలింది. 1920ల నడుమ ప్రభుత్వం అటువంటి బడి పెట్టాలంటే అనుమతి తప్పనిసరి చేయడంతో అవీ తగ్గిపోసాగాయి. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభలు తల్లిభాషలో చదువు కావాలని, ఖాన్గీ బడుల మీది ఆంక్షలు తీసేయాలని కోరుతూ వచ్చాయి. ఆ మహాసభల్లో నాలుగోది 1935లో సిరిసిల్లలోనే జరిగింది. దానికి అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. హైదరాబాదులో 1928లో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టినవాడు ఆయనే.

ఊరి తెలుగు, సర్కారు బడి ఉర్దూ, ఈ రెండు చదువుల నడుమ పెరిగినవాడు సి. నారాయణరెడ్డి. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో 1931 జూలై 29న పుట్టాడు. మొదటి చదువు ఊరి వీధిబడిలో. హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు చెవిన పడుతూ పెరిగాడు. తర్వాత సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదివింది ఉర్దూ మాధ్యమంలో. అయినా తెలుగు కవి అయ్యాడు, 'విశ్వంభర' కావ్యంతో జ్ఞానపీఠ పురస్కారం పొందాడు. ప్రతిభ ఆయనదే. ఆ ప్రతిభకు తెలుగు నడకను అందించింది మాత్రం బడి వాచకం కాదు, ఆ తొలి ఏండ్ల వినికిడి.

1943లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగు పరీక్షలు పెట్టి, బడిలో తెలుగు అందనివాళ్లు ఇంటి దగ్గర చదువుకుని పట్టా పొందే దారి వేసింది. 1948లో నిజాం పాలన ముగిశాక తెలుగు మాధ్యమం బడులు వచ్చాయి, సర్కారు వాచకాలు వచ్చాయి, ఖాన్గీ బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొత్త బడి తలుపు అన్ని కులాలకూ, ఆడపిల్లలకూ తెరుచుకుంది. ఆ మేలు ముందు మరేదీ సాటిరాదు. అయితే శతకం వాచకంలో నాలుగైదు పద్యాలకు కుదించుకుపోయింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసినా, ఆ భాషలోని సాహిత్యాన్ని పసితనంలో వినిపించే బాధ్యత ఇంటి మీదే ఉంది.

గల్ఫ్‌లో, అమెరికాలో స్థిరపడిన జగిత్యాల, కోరుట్ల కుటుంబాలైనా, ఊళ్లోనే ఉన్నవాళ్లయినా ఐదేండ్ల పిల్లలకు పుస్తకాలు ఎంచుకునేటప్పుడు పాత పంతులు వరుసను నిశ్చింతగా తీసుకోవచ్చు. ముందు కందం, ఆటవెలది, తర్వాత శేషప్ప సీసం, ఆపైన పోతన కథలు. వాటి పక్కనే పంచతంత్రం, పటం కథలు, బతుకమ్మ పాటలు ఉండాలి. బరికె అక్కరలేదు. రోజుకొక పద్యం వినిపించి, అర్థం చెప్పి, కథను పిల్లల మాటల్లో తిరిగి చెప్పించండి.