ఇస్ఫహాన్ కత్తికి ఉక్కు పంపిన ఊరు

ఇస్ఫహాన్, డమాస్కస్ పేర్లతో వచ్చే పాత కత్తుల కోసం లోకంలో ఆయుధాలు సేకరించేవాళ్లంతా పోటీ పడతారు. అలాంటి కత్తులెన్నింటికో ఉక్కు వెళ్లింది మన దక్షిణాది కొలుముల నుంచే. మా తంగళ్ళపల్లిలో బయలుదేరి, మానేరు దాటి, సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా పోతే కమ్మర్‌పల్లి దాపున కోనసముద్రం వస్తుంది. పర్షియా వర్తకులు ఉక్కు కోసం వెతుక్కుంటూ వచ్చిన ఊరు అది.

నేను బడిపంతులుగా పని చేసి రిటైరయినవాణ్ణి. మా తాతగారి తల్వారు ఒకటి ఇంట్లో ఉంది. దసరా ఆయుధ పూజకు ఒర నుంచి తీసి, బొట్టు పెట్టి, మళ్లీ లోపల పెట్టేవాళ్లం. దాని అలుగును ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే పిడికి దగ్గర జానెడు మేర నీటి అలల్లా సన్నటి చారలు కనిపిస్తాయి. మిగతా అలుగంతా నున్నగా, తెల్లగా ఉంటుంది. ఏటేటా ఇటుక పొడితో తోమడం వల్ల అక్కడి చారలు అరిగిపోయాయి. మా ఊరి పెద్ద కమ్మరికి చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "సారూ, గిది గీ కాలపు ఇనుము గాదు. మా తాతలు ఉక్కు కరగబెట్టిండ్రని ఇన్నదే గని, చేసిన చెయ్యి మా ఇంట్ల ఎవ్వల్లేరు" అన్నాడు. ఆనాటి నుంచి నాకు పిడి మీది వెండి పనికన్నా అలుగులోని ఉక్కు మీదనే ధ్యాస.

కోనసముద్రంలో అలాంటి ఉక్కు ఎట్లా చేసేవారో కళ్లారా చూసి రాసిపెట్టినవాడు హెన్రీ వోయిసీ. కర్నల్ లాంబ్టన్ త్రికోణమితి సర్వేలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేస్తూ 1824లో చనిపోయాడు. కోనసముద్రం మీద ఆయన రాసినది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును లెక్క ప్రకారం కలిపి, కొంచెం గాజు చిట్టెం వేసి, మట్టి మూసలో పెట్టి, మూత మీద మట్టి మెత్తి, తిత్తులు ఊదుతూ ఒక పగలూ ఒక రాత్రీ కాల్చేవారు. చల్లారాక మూస పగలగొడితే సగటున పౌనున్నర బరువున్న ఉక్కు బిళ్ల వచ్చేది. అది మరీ గట్టిది. సమ్మెట దెబ్బకు పగులుతుంది. అందుకే దానికి మట్టి పూసి మళ్లీ మళ్లీ గంటల తరబడి కాచి, నిదానంగా చల్లార్చి, పనికి లొంగేట్టు చేసేవారు. వోయిసీ అక్కడ ఉన్నప్పుడే ఇస్ఫహాన్ నుంచి హాజీ హుసేన్ అనే వర్తకుడు ఉక్కు కొనడానికి వచ్చి ఉన్నాడు. ఈ ఊరి పేరూ, ఈ పని తీరూ ఇస్ఫహాన్‌లో బాగా తెలుసుననీ, అక్కడ చేయబోతే ఇట్లాంటి ఉక్కు రాలేదనీ ఆయన చెప్పాడు.

యూరప్ వాళ్లకూ ఇది అంతు పట్టలేదు. 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీ ముందు, వాళ్లు 'వూట్జ్' అని పిలిచిన ఈ ఉక్కు మీద పరిశోధన పత్రం చదివాడు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు దీన్ని పరీక్షించాడు. ఈ ఉక్కులో కర్బనం నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా ఉంటుంది. చల్లారేటప్పుడు ఆ కర్బనం ఇనుముతో కలిసి కార్బైడ్ రేణువులుగా తేలుతుంది. కత్తి సాగగొట్టేటప్పుడు అవి వరుసలు కట్టి చారలవుతాయి. ఆ వరుసలు కట్టడానికి వెనేడియం వంటి లోహం లేశమాత్రంగా కావాలని 1990లలో అమెరికాలో లోహ శాస్త్రజ్ఞుడు వెర్హోవెన్, కమ్మరి పెండ్రే కత్తులు చేసి మరీ నిరూపించారు. అంటే ముడి ఖనిజం ఎక్కడిదన్నది చాలా ముఖ్యం. ఆ లోహం లేని ఖనిజమైతే చార రాదు.

పందొమ్మిదో శతాబ్దంలో చవకగా ఇంగ్లండు ఉక్కు దిగింది. అడవుల మీద ఆంక్షలతో బొగ్గు కరువైంది. కత్తి స్థానంలో తుపాకి వచ్చింది. కొలుములు ఆరిపోయాయి. మిగిలింది చిట్టెం దిబ్బలు, పగిలిన మూసలు. పరిశోధకుడు ఎస్. జైకిషన్ ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి వాటిని నమోదు చేశారు. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమూ, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థా కలిసి ఇక్కడ వందకు మించిన గ్రామాల్లో సర్వే చేశాయి.

మూస పెంకును దగ్గరగా చూడండి. బయట నల్లగా గాజు పట్టి ఉంటుంది. విరిగిన అంచున ఊక అచ్చులు సన్నటి తొర్రలుగా కనబడతాయి, మట్టిలో వరి ఊక కలిపి పిసికారు కనుక. లోపలి గోడ మీద ఒక గీత ఉంటుంది. కరిగిన ఉక్కు నిలిచిన మట్టం అది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పచ్చల పిడుల బాకుల ముందు జనం ఆగిపోతారు. నా దృష్టిలో ఆ పెంకు విలువ ఆ పిడికి తక్కువ కాదు. పిడి ఎవరి దర్జానో చెబుతుంది, పెంకు ఎవరి చెమటో చెబుతుంది.

అందుకని చదివేవాళ్లకు నా మనవి. మీ ఇంట్లో పాత కత్తి ఉంటే ఇటుక పొడితో తోమకండి, సాన పట్టించకండి. మెత్తటి గుడ్డతో పలచగా నూనె రాసి పొడి చోట పెట్టండి. అది ఎవరిదో, ఎట్లా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద రాసి దానితో ఉంచండి. తొమ్మిది అంగుళాలు దాటిన అలుగు ఆయుధ చట్టం కిందికి వస్తుంది, వందేళ్లు దాటిన వస్తువు పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని దేశం దాటించకూడదు. చెలకలో చిట్టెం దిబ్బ కనిపిస్తే చదును చేసేముందు వారసత్వ శాఖకు కబురు పెట్టండి. కోనసముద్రం కమ్మరుల పేర్లు ఏ కత్తి మీదా లేవు. వాళ్ల పనితనానికి ఆ దిబ్బలే సాక్ష్యం.