ఆసవభాండము చెప్పు చరిత్ర

మద్యపానమును గర్హించు గృహములలో మద్యభాండముల ప్రసంగ మేల యని కొందఱు మమ్ము నడుగవచ్చును. పానమును విడుచుట వేఱు, దాని చరిత్రము నెఱుఁగకుండుట వేఱు. పూర్వకాలమున సముద్రము దాటి వచ్చిన సరకు లెన్నియో నశించినవి. వానిని మోసిన మట్టిపాత్రలు మాత్రము పెంకులై నిలిచినవి. ఆ పెంకులను జదువ నేర్వనిచో, మన తీరమునుగూర్చి లేని గొప్పలు చెప్పుకొనుటయో, ఉన్న గొప్పను జాఱవిడుచుటయో తప్పదు.

ఎఱ్ఱని ద్రాక్షాసవమునకు రంగును వగరును పండుతొక్కల వలనఁ గలుగుచున్నవి. క్రొత్తదిగా నున్నపు డా వగరు నాలుకను బట్టును. ఏండ్లతరబడి నిలువయుండి, అత్యల్పముగా గాలి సోఁకుచుండఁగా నది మెత్తఁబడును. గాలి మితిమీఱెనా, ఆసవమంతయుఁ బులిసి సిర్కా యగును. కాల్చిన మట్టిలోఁ గంటికిఁ గానరాని రంధ్రములు గలవు. వానిని మితముగాఁ గప్పుటయే యీ విద్యకు మూలము. ప్రాచీన రోమకులు ఆంఫొరా లను తమ కూజాల లోపల గుగ్గిలమువంటి చెట్టుబంకను గాఁచి పూసి, మూఁతిని బిరడాతో బిగించి, గారతో ముద్రించిరి. జార్జియా దేశీయులు క్వెవ్రి యను పెద్ద బానలకుఁ దేనెమైనము పూసి, మెడవఱకు భూమిలోఁ బాఁతి, తొక్కలతోఁగూడ రసమును నిలువచేయుదురు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవజాతి వారసత్వములలో నొకటిగాఁ జేర్చినది. ఆవకాయకు మెఱుఁగుపూఁత గల జాడినే యేల వాడవలయునో యెఱిఁగిన మన గృహిణుల కీ సూక్ష్మమును వేఱుగ బోధింప నక్కఱలేదు.

శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల కల్లుకుండ తీరు దీనికి విరుద్ధము. పూఁత లేని యా కుండ రంధ్రములలోఁ బాతమడ్డి దాఁగియుండి, క్రొత్తగా దిగిన తాటినీటిని పూఁటలోనే పులియించును. లోపల సున్నము పూసినచో నా పులియుట మందగించును. మట్టి యొక్కటియే, పూఁతను బట్టి యది యొకచోట నేండ్ల నిలువకును, వేఱొకచోట నొకపూఁట పులుపునకును సాధనమైనది. నిలువకును హద్దు గలదు. క్రీ. పూ. 121వ సంవత్సరమున నిటలీలోఁ జేసిన యాసవము దాదాపు రెండువంద లేండ్ల తరువాతఁ గూడ మిగిలియుండెననియు, అది చేఁదుతేనెవలెఁ జిక్కఁబడి నీరు కలుపనిదే త్రాగరాకుండెననియు ప్లినీ పండితుఁడు వ్రాసియున్నాఁడు.

అట్టి కూజాలే యోడలమీఁద మన దేశమునకును వచ్చినవి. క్రీ. శ. మొదటి శతాబ్దమున నొక గ్రీకు వర్తకుఁడు రచించిన పెరిప్లస్ గ్రంథము పడమటితీరపు భరుకచ్ఛమున దిగు సరకులలో నిటలీ, లవొదికియా, అరబ్బు దేశముల యాసవములను బేర్కొన్నది. కృష్ణానది ముఖద్వారప్రాంతమగు మసలియాను జెప్పునపుడో, అచట విరివిగా నేయు సన్నని వస్త్రములనే ప్రశంసించినది. పుదుచ్చేరి చెంత నరికమేడులో 1945లో వీలరు త్రవ్వించినపుడు మధ్యధరాసముద్రప్రాంతపు టాసవభాండముల పెంకులు బయల్పడెను.

అరికమేడులోనే వేఱొక జాతి పాత్రలును దొరకినవి. అవి నునుపైన మట్టితోఁ జేసి, లోపలి యడుగున చిన్న గీఁట్లతో వలయములు దిద్దిన పళ్లెములు. వంశధార యొడ్డున, 1919లో గిడుగు వేంకట రామమూర్తిగారు వెలుఁగునకుఁ దెచ్చిన శాలిహుండ బౌద్ధక్షేత్రమునను నట్టి పళ్లెముల పెంకులు లభించినవి. ఈ జాతి పళ్లెములు తొలుత పశ్చిమమునుండి వచ్చినవని వీలరు తలంచెను. పిమ్మట మట్టిని శాస్త్రీయముగాఁ బరీక్షించినవారు, అవి భారతదేశపు మట్టితోనే చేయఁబడినవని తేల్చిరి. మన కుమ్మరి కీర్తిని మనమే కొంతకాలము పరదేశికిఁ గట్టబెట్టితిమి.

కావున నాసవభాండము పరులది, పళ్లెము మనది. మొదటిదానిని మనదనుట యసత్యము. రెండవదానిని పరులదనుట యవివేకము. రెంటిని వేఱుపఱుచునది మన యభిమానము గాదు, ఆ మట్టియే. శాలిహుండమునకుఁ బోవువారు స్తూపములను జూచి మరలుటతోఁ దృప్తి నొందక, నేలమీఁది పెంకులను గూడఁ దమ పిల్లలకుఁ జూపవలెను. కాని వానిని సంచిలో వేసికొని తేరాదు. దొరకిన చోటు తెలియని పెంకు మూఁగసాక్షి. ఉన్నచోట నున్న పెంకు మాత్రమే మాటలాడును.