శౌరయ్య, శౌరమ్మ (వ్యక్తి నామాలు)

శౌరయ్య, శౌరమ్మ: పొన్నూరు, తెనాలి, బాపట్ల, రేపల్లెలతో కూడిన ఉమ్మడి గుంటూరు జిల్లాలో కతోలిక కుటుంబాలు పెట్టుకునే, స్పెయిన్ మూలం గల పేర్లు. 1506 ఏప్రిల్ 7న నవార్ రాజ్యంలోని హవియేర్ కోటలో పుట్టి, 1552 డిసెంబరు 3న మరణించిన పునీత ఫ్రాన్సిస్ శౌరి పేరే వీటికి మూలం. కోట పేరు 'కొత్త ఇల్లు' అనే బాస్క్ మాట నుంచి వచ్చింది. ఆయన పేరులో చేరిన ఆ కోట పేరు తమిళంలో సవేరియార్, తెలుగులో శౌరి అయింది. అయ్య, అమ్మ, రాజు చేరి శౌరయ్య, శౌరమ్మ, శౌరిరాజు ఏర్పడ్డాయి. సంస్కృతంలో శౌరి విష్ణునామం. రెండింటికీ సంబంధం లేకున్నా, విష్ణురూపమైన భావనారాయణుని ఆలయమున్న పొన్నూరులో ఈ పేరు పరాయిగా తోచకపోవడానికి ఆ ధ్వనిసామ్యమే కారణం కావచ్చు. మరికొన్ని కతోలిక పేర్లు అర్థం మారకుండా భాష మారాయి: ఇటలీలో పియెత్రో, స్పెయిన్‌లో పేద్రో (రాయి) ఇక్కడ రాయప్ప; పావొలో, పాబ్లో (చిన్న) ఇక్కడ చిన్నప్ప.