ఫేస్‌బుక్ పేజీ

ఫేస్‌బుక్ పేజీ అనగా వ్యాపార సంస్థలు, సంఘాలు, ప్రముఖులు ప్రజలతో సంబంధాలు నెరపుటకు ఫేస్‌బుక్‌లో ఏర్పరచుకొనే బహిరంగ పుట. వ్యక్తిగత ఖాతా (ప్రొఫైల్) మనిషికి చెందినది కాగా, పేజీ సంస్థకు చెందినది.

చరిత్ర

2004లో ప్రారంభమైన ఫేస్‌బుక్, 2007 నవంబరులో పేజీలను ప్రవేశపెట్టింది. పేజీలో చేరినవారిని తొలుత "ఫ్యాన్" అనేవారు. 2010లో దాని స్థానంలో "లైక్" మీట వచ్చింది.

ఖాతాకు, పేజీకి తేడాలు

ఖాతాలో స్నేహితుల సంఖ్య 5,000 మించరాదు. స్నేహానికి ఇరువురి అంగీకారమూ అవసరం. పేజీని అనుసరించుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు, సంఖ్యకు పరిమితి లేదు. పేజీ నిర్వహణను పలువురికి అప్పగించవచ్చును. నిర్వాహకులు తమ వ్యక్తిగత ఖాతాల ద్వారానే పేజీలోనికి ప్రవేశిస్తారు. కనుక ఒక్కరే నిర్వాహకులుగా ఉండి, వారి ఖాతా పోయినచో పేజీ కూడా సంస్థ చేతికి అందకుండా పోవచ్చును. ఇద్దరు నిర్వాహకులుండుట క్షేమం.

ఎంపిక

దుకాణం పేరుతో వ్యక్తిగత ఖాతా తెరచుట ఫేస్‌బుక్ నిబంధనలకు విరుద్ధం. అట్టి ఖాతాను తొలగించినచో, అందులో కూడబెట్టుకున్న పరిచయాలన్నీ ఒక్కసారిగా పోతాయి. మరోవైపు, 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితులు, బంధువుల రాతలకు ప్రాధాన్యమిచ్చుటతో, ప్రకటన రుసుము చెల్లించని పేజీల రాతలు చేరే పరిధి తగ్గింది. దర్జీ, ఛాయాచిత్రకారుడు వంటి స్వయం ఉపాధిదారులకు సొంత పరిచయాలే తొలి గిరాకీ తెస్తాయి. అయితే ఖాతా ద్వారానే వ్యాపారం నడిపినచో, కుటుంబ విషయాలు కొనుగోలుదారుల కంట పడే అవకాశమున్నది. అందువలన ధరలు, వేళలు, విచారణలు పేజీలో ఉంచి, ఆ రాతలను సొంత ఖాతా నుండి పరిచయస్తులతో పంచుకొనుట అనుకూలమైన పద్ధతి.