పోస్ట్‌మ్యాన్ నడిపిన పోలీసు శాఖ

1905లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ఓటర్లు తమ ఊరి మార్షల్‌గా ఒక పోస్ట్‌మ్యాన్‌ను గెలిపించారు. పేరు ఆగస్ట్ వోల్మర్, వయసు 29. పెద్దగా చదువుకోలేదు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం తరఫున పోరాడి వచ్చి ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు. అంతకు ముందు ఏడాది, అదుపు తప్పి వాలులో దూసుకొస్తున్న రైలు వ్యాగన్ మీదికి దూకి బ్రేకు బిగించి, ప్రయాణికుల రైలును గుద్దుకోకుండా ఆపాడు. ఊళ్లో ఓట్లు రావడానికి అంతకన్నా ఏం కావాలి?

పోలీసు అధికారిని ఎన్నుకోవడమేమిటని మనకు వింతగా ఉంటుంది. మన దగ్గర ఖాకీ చొక్కా రాష్ట్ర ప్రభుత్వానిది. విజయవాడ మేయర్ అక్కడి పోలీస్ కమిషనర్‌ను మార్చలేరు. అమెరికాలో మంచినీళ్ల సరఫరా లాగే పోలీసు శాఖ కూడా ఊరి వ్యవహారం. ఊరి పన్నుల్లోంచే జీతాలు, ఊరి కౌన్సిల్‌దే బడ్జెట్. అలాంటి స్థానిక శాఖల్లో దాదాపు సగానికి పది మంది పోలీసులు కూడా ఉండరు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ దాటి పక్క ఊరికి వెళ్తే పోలీసు కారు మీద పేరు మారిపోవడం అక్కడి తెలుగువాళ్లకు అలవాటైన సంగతే.

బర్క్‌లీ అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కోకు అఖాతం అవతలి శివారు, యూనివర్సిటీ ఊరు. 1900లో జనాభా 13 వేలు, పదేళ్లకు 40 వేలు దాటింది. 1906 భూకంపంలో ఇళ్లు పోయిన నగరవాసులు పడవలెక్కి ఇటే వచ్చారు. ఉన్న కొద్దిమంది పోలీసులు రాత్రి గస్తీకి వెళ్తే తెల్లారేదాకా ఎక్కడున్నారో స్టేషన్‌కు తెలిసేది కాదు. వోల్మర్ వాళ్లకు సైకిళ్లు ఇచ్చాడు. కూడళ్లలో ఎర్రదీపాలు వేలాడదీయించాడు. స్టేషన్‌లో మీట నొక్కితే దీపం వెలిగేది. అది చూసిన పోలీసు దగ్గర్లోని పెట్టెలో ఉన్న ఫోన్ ఎత్తేవాడు. 1914 నాటికి గస్తీ అంతా కార్లలోకి మారింది. ఆ కార్లు పోలీసుల సొంతవి, శాఖ ఇచ్చేది అలవెన్సు.

ఈ హంగులకన్నా పనిని పంచిన తీరు నాకు ముఖ్యంగా తోస్తుంది. తన బీట్‌కు పోలీసే పెద్ద. అక్కడ దొంగతనం జరిగితే కాగితం డిటెక్టివ్ బల్ల మీద పడేసి చేతులు దులుపుకోవడానికి లేదు, కూపీ తనే లాగాలి. అందుకు చదువు కావాలి కనుక 1908లో శాఖలోనే బడి పెట్టారు. శుక్రవారం శుక్రవారం ఒక సమావేశం జరిగేది. దాన్ని వాళ్లు ముద్దుగా ‘సణుగుడు సంఘం’ అనుకునేవారు. ఎవరి మీద గుర్రుగా ఉన్నా అక్కడ ముఖం మీదే చెప్పేయాలి, చీఫ్ వోల్మర్‌కూ మినహాయింపు లేదు. అనుమానితులను కొట్టి నిజం రాబట్టడం మాత్రం నిషిద్ధం.

తర్వాత యూనివర్సిటీ విద్యార్థులకే యూనిఫాం తొడిగాడు. 1919లో చేరిన వాల్టర్ గోర్డన్ నల్లజాతి యువకుడు. గస్తీ తిరుగుతూనే న్యాయశాస్త్రం పూర్తిచేసి, చివరికి వర్జిన్ ఐలాండ్స్ గవర్నరయ్యాడు. జాన్ లార్సన్ ఫిజియాలజీలో పీహెచ్‌డీ చేసిన పోలీసు. 1921లో రక్తపోటునూ ఊపిరినీ ఒకేసారి నమోదు చేసే యంత్రం కట్టాడు. లోకం దాన్ని లై డిటెక్టర్ అంది. లాఠీ దెబ్బలకు బదులు సైన్సు అన్న ఆశ మంచిదే. కానీ ఆ యంత్రం కొలిచేది గుండెదడను, అబద్ధాన్ని కాదు. వయసు మళ్లాక లార్సన్‌కే దాని మీద విరక్తి పుట్టింది. వ్యక్తి సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు తేల్చింది.

వోల్మర్‌ను ఆధునిక పోలీసు వ్యవస్థకు పితామహుడని పుస్తకాలు పొగుడుతాయి. ఫిలిప్పీన్స్‌లో స్వాతంత్ర్యం కోరినవాళ్లను వేటాడిన సైన్యం అలవాట్లు ఈ గస్తీల్లోకి ఎంత వచ్చాయని ఇప్పటి చరిత్రకారులు కొందరు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఇంకో సంగతి, బర్క్‌లీలో పండిన పద్ధతి పెద్ద నగరంలో పండలేదు. 1923లో లాస్ ఏంజెలెస్ చీఫ్‌గా వెళ్లి ఏడాదికే తిరిగొచ్చాడు. ప్రతి పోలీసునూ పేరుపెట్టి పిలవగలిగే చిన్న ఊరే అతని బలమని నా అనుమానం.

1932లో పదవి వదిలాడు. అతని దగ్గర విద్యార్థిగా పోలీసయిన ఒ.డబ్ల్యూ. విల్సన్ 1960లో షికాగో పోలీసు శాఖను చేపట్టాడు. బర్క్‌లీలో మాత్రం చీఫ్‌ను ఓటర్లు ఎన్నుకునే రోజులు 1909లోనే పోయాయి, అప్పటి నుంచి అది నియామక పదవి. 1973లో అక్కడి జనం మళ్లీ ఓటు వేసి, పోలీసుల మీద ఫిర్యాదులు విచారించడానికి పౌరులతో ఒక కమిషన్ పెట్టించుకున్నారు. దానికి చాలినంత అధికారం లేదని 2020లో ఇంకోసారి ఓటేసి, దాని స్థానంలో మరింత గట్టి బోర్డు తెచ్చుకున్నారు.