చెవులు మూసిన శిరస్త్రాణం

గ్రీసులోని ఒలింపియా మ్యూజియంలో ఒక పాత కంచు శిరస్త్రాణం ఉంది. జ్యూస్ దేవుడికి మిల్టియాడీస్ సమర్పించినట్టు దాని చెంప అంచున చెక్కి ఉంటుంది. క్రీ.పూ. 490లో మారథాన్ దగ్గర పర్షియన్లను ఓడించిన ఏథెన్స్ సేనాని ఆయనే. చూసేవాళ్ల కళ్లు ఆ పేరు మీదే నిలుస్తాయి. పేరు తెలియని కంచరి పనితనం అంతకన్నా గొప్పది.

ఇది కొరింథియన్ రకం. క్రీ.పూ. 700 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. అంతకు కొంచెం ముందు నాటిది, గ్రీసులోని ఆర్గోస్ నగరంలో ఒక సమాధిలో దొరికిన శిరస్త్రాణాన్ని ముక్కలు అతికించి చేశారు. కొరింథియన్ రకంలో అతుకే లేదు. నడినెత్తి, మెడ, చెంపలు, ముక్కును కాచే పట్టీ అన్నీ ఒకే కంచు ముద్దలోంచి సుత్తె దెబ్బలతో లేచినవే. కొట్టేకొద్దీ కంచు బిగుసుకుని పెళుసెక్కుతుంది. కొలిమిలో కాల్చి మెత్తబరచాలి, మళ్లీ కొట్టాలి. తొందరపడితే రేకు పగులుతుంది. ముక్కు పట్టీ దగ్గర లోహాన్ని దళసరిగా ఉంచి, మిగతాచోట పలచన చేయడంలోనే ఉంది నేర్పంతా. తొలినాటి వాటికి అంచు పొడవునా సన్నని రంధ్రాలుంటాయి, లోపలి మెత్తను కుట్టడానికి.

చెవులకు మాత్రం దారి వదల్లేదు. డాలు పక్కన డాలు ఆనించి వరుసగా నడిచే సైనికుడికి గండం ఎదుటి ఈటెల నుంచే. వినికిడిని వదులుకుని ముఖాన్ని కాపాడుకున్నారు. ఆ కాలపు యుద్ధానికి అది తెలివైన బేరమే అనిపిస్తుంది. పోరు లేనప్పుడు శిరస్త్రాణాన్ని నుదుటి పైకి నెట్టుకునేవారు. కొరింథ్ నాణేల మీద ఎథీనా దేవత, శిల్పాల్లో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ అలాగే కనిపిస్తారు.

తర్వాత చెవుల దగ్గర కంచును కోసి కాల్సిడియన్ రకం చేశారు. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరికి స్పార్టా సైనికులు ఉన్ని టోపీని పోలిన పిలోస్ అనే శిరస్త్రాణం పెట్టుకున్నారు. దానితో ముఖమంతా బయటే.

దక్షిణ ఇటలీలోని అపూలియాలో కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడివాళ్లు కొరింథియన్ శిరస్త్రాణాన్ని టోపీలా నెత్తిన పెట్టుకునే అలవాటునే స్థిరం చేశారు. కంటి రంధ్రాలకు, ముక్కు పట్టీకి ఇక పని లేదు. అయినా కంచరులు వాటిని తీసేయలేదు; కంటి రంధ్రాలు చిన్నవై, కొన్నిటిలో ఉత్త చెక్కుడు గీతలై, అలంకారంగా మిగిలాయి.