పాత రివాల్వరు వయస్సు – నంబరు చెప్పే సాక్ష్యం

స్టోర్సు విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసిన వాణ్ణి కావడం వల్ల ఏ వస్తువును చూసినా నా కళ్లు ముందుగా దాని నంబరును వెతుకుతాయి. రిటైరయ్యాక చరిత్ర పుస్తకాలు చదవడం అలవాటైంది. వందేళ్లు దాటిన సైనిక రివాల్వరు వయస్సును సీరియల్ నంబరుతో ఎలా నిర్ణయిస్తారో ఆ చదువులోనే తెలిసింది. ఆ సంగతి మిత్రులతో పంచుకుంటాను.

కోల్ట్ కంపెనీ వారి 1873 మోడల్‌నే తీసుకుందాం. అమెరికా సైన్యం ఆ సంవత్సరమే దీనిని ఆమోదించి, మొదట 8,000 రివాల్వర్లకు ఆర్డరు ఇచ్చింది. గొట్టం పొడవు ఏడున్నర అంగుళాలు. ఆరు తూటాలు పడతాయి. 1తో మొదలైన నంబర్ల వరుస 1940 నాటికి మూడున్నర లక్షలు దాటింది. నంబరు తెలిస్తే ఏ సంవత్సరపుదో పట్టికలో చూసుకోవచ్చు. ఇది కేవలం సరదా కాదు. 1898లో గాని, అంతకు ముందు గాని తయారైన తుపాకులనే అమెరికా 1968 చట్టం పురాతన వస్తువులుగా గుర్తిస్తుంది.

1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున లకోటా, షైయెన్ వీరులతో జరిగిన యుద్ధంలో కస్టర్, ఆయన వెంట ఉన్న సుమారు 210 మంది మరణించారు. వారి చేతుల్లో ఉన్నవి ఈ రివాల్వర్లే. ఆ యుద్ధంలో వాడినదంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే నకిలీలూ పుట్టుకొచ్చాయి.

పరీక్షించేవారు మూడు సంగతులు చూస్తారు. మొదటిది, ఫ్రేము మీద, ట్రిగ్గరు గార్డు మీద, పిడి వెనుక పట్టీ మీద నంబరు ఒక్కటేనా? రెండవది, సైన్యం తరఫున తనిఖీ చేసిన అధికారి ముద్ర ఆ కాలానికి సరిపోతుందా? తొలి సంవత్సరాల వాటిపై ఐన్స్‌వర్త్ అనే అధికారి ‘ఎ’ అక్షరం ఉంటుంది. మూడవది, ఫ్రేముపై పేటెంటు తేదీలు. మొదట 1871, 1872 తేదీలే ఉండేవి. 1875 జనవరి 19 తేదీ తర్వాత చేరింది. 1874 నాటి నంబరు పక్కన 1875 తేదీ కనిపిస్తే అనుమానించవలసిందే.

అయితే నంబర్లు కలవనంత మాత్రాన నకిలీ అనలేము. 1895 తర్వాత సైన్యం అనేక రివాల్వర్లను విప్పి, గొట్టాలను అయిదున్నర అంగుళాలకు కోయించి, మళ్లీ బిగించింది. ఒకదాని భాగాలు మరొకదానిలో కలిసిపోయాయి. అటువంటి రివాల్వరుకు ఒకే పుట్టిన తేదీ ఉండదు.

ఇంకొక మాట. నంబరు తయారీ కాలాన్ని చెబుతుంది. కంపెనీ లెడ్జరు సరుకు బయటికి పంపిన తేదీని చెబుతుంది. ఈ రెండు తేదీలూ ఒకటే కానక్కరలేదని స్టోర్సులో పనిచేసిన వారికి వేరే చెప్పనక్కరలేదు. ఏ సిపాయి చేతిలో ఉందో మాత్రం రెండూ చెప్పవు. 1983లో గడ్డి తగలబడి ఆ యుద్ధభూమి బయటపడగా, 1984 నుంచి తవ్వకాలు జరిపి, ఖాళీ తూటాలపై గుర్తులను పోల్చి ఎన్ని తుపాకులు పేలాయో లెక్కించడానికి పూనుకున్నారు.

రిజిస్టరులో ఖాళీగా ఉన్న గడిని ఊహతో నింపకూడదని మా సర్వీసులో పెద్దలు చెప్పేవారు. పాత ఆయుధాల చరిత్రకూ అదే నియమం.